నాయన సైకిల్‌కి డైనమో పెట్టించాలా, వద్దా?

శింగనమల_చెరువు
నాయన సైకిల్‌ను పోయిన నెల ఊరి నుంచి అనంతపురం తెచ్చుకున్నా. హెర్క్యులస్, 24 అంగుళాల ఫ్రేము, రాడ్ బ్రేకులు, గొలుసుకు నిండు కవరు. నాయన ప్రైమరీ స్కూల్లో అయ్యవారు. రిటైరయ్యేదాకా దాని మీదనే బడికి పోయినాడు. తుడిచి గాలి కొట్టిస్తే ఇప్పటికీ బాగా పోతాంది.

నా సంగతేందంటే, ఆ సైకిల్‌కి డైనమో, అంటే టైరుకు ఆని తిరుగుతా లైటుకు కరెంటు ఇచ్చేది, పెట్టించమని చిన్నప్పుడు నేను అడగని పండగ లేదు. సుభాష్ రోడ్డులో ఒక సైకిల్ షాపులో అద్దాల బీరువా ఉండేది. సెట్టు మొత్తం అట్టపెట్టెలో పెట్టి మూత తీసి ఉంచేవాళ్లు. బుడ్డి ఆకారంలో డైనమో, దాని నెత్తిన గీతలు తేలిన చిన్న చక్రం, ముందుకు గుండ్రటి లైటు, వెనక మడ్‌గార్డుకు ఎర్ర లైటు, చుట్ట చుట్టిన నల్ల వైరు. పక్కనే బ్రూక్స్ తోలు సీటు. నాయన లోపల వాల్‌ట్యూబు కొంటాంటే నేను ఆ బీరువా దగ్గర నిలబడిపోయేవాణ్ని. అడిగితే ఆయన మాట ఎప్పుడూ ఒకటే: "తొక్కేది బరువైతాది రా, టార్చి ఉంది గదా." చీకటి పడితే ఎడమ చేత్తో టార్చీ హ్యాండిలూ కలిపి పట్టుకుని ఇంటికి వచ్చేవాడు.

బళ్లారిలో ఒక పాత సామాన్ల అంగట్లో మిల్లర్ కంపెనీ డైనమో సెట్టు ఉందని ఇప్పుడు తెలిసింది. కొనగలను. నాయన వద్దన్నదాన్ని ఆయన సైకిల్‌కే తగిలించేదానికి మనసొప్పడం లేదు, వదులుకునేదానికీ మనసు రావడం లేదు. ఏం చేయమంటారు? మీలో ఎవరన్నా అప్పట్లో ఆశపడి కొనలేని సామాను, సైకిల్‌దో, టార్చో, బూట్లో, నీళ్ల బుడ్డో, పెద్దయినాక కొన్నారా? కొన్నాక ఎట్లుండింది?

ఉగ్గాని_బజ్జి
పెట్టించన్నా. ఇంత ఆలోచన దేనికి.

హంద్రీ
బళ్లారి పోయి దుడ్లు ఇచ్చే ముందు ఇది చదువు. మాది కర్నూలు పాత ఊర్లో సైకిల్ షాపు. బాడుగ సైకిళ్లు, రిపేరీలు, ఓవరాలింగ్, అన్నీ చూసుకుంటా పెరిగినోణ్ని.

డైనమో చేతికి తీసుకుని నెత్తిన చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పు. లోపల అయస్కాంతం ఉంటాది కాబట్టి పట్టి వదిలి, పట్టి వదిలి తిరగాల. నున్నగా తిరిగిపోయిందంటే అయస్కాంతంలో సత్తువ లేదు, అది షోకేసుకే పనికొస్తాది. తర్వాత బిగించే పట్టీ చూడు. దానికి మొన తేలిన చిన్న స్క్రూ ఒకటి ఉంటాది. లైటుకు పోయే వైరు ఒకటే గదా, తిరిగొచ్చే కరెంటుకు సైకిల్ ఫ్రేమే దారి. ఆ మొన రంగును చీల్చుకుని ఇనుముకు తగిలితేనే దారి కలుస్తాది. రంగు పోతుందని దాన్ని వదులుగా పెట్టించుకునేవాళ్లు. లైటు మినుకు మినుకుమంటాంటే బల్బు మీద బల్బు మార్చేవాళ్లు. మా నాయన వచ్చి స్క్రూ అర చుట్టు తిప్పితే వెలిగేది.

ఇంకొకటి, డైనమోను టైరుకు ఆనించేటప్పుడు దాని నడిమి గీత చక్రం ఇరుసు వైపు చూడాల. కొంచెం పక్కకు తిరిగినా టైరు గోడను తినేస్తాది. ముందు బల్బు 6 వోల్టులు 2.4 వాట్లు, వెనకది 0.6 వాట్లు. వెనకది మాడిపోతే దాని వాటా కూడా ముందుదానికే పోతాది. దిగుడులో స్పీడు పెరిగిందంటే అదీ టప్పుమంటాది. రెండు రకాలూ ఒక్కొక్కటి జేబులో పెట్టుకుని పో.

పెన్నాగట్టు
నేను వేరే మాట చెప్తా, ఎవురూ ఏమీ అనుకోవద్దండి. పాత సైకిల్ మీద ప్రేమ వేరు, పాత సామాన్లు మంచివనుకునేది వేరు. ఆ సైకిళ్లు ఇరవై కిలోల బరువు. రాడ్ బ్రేకు కట్టలు స్టీలు రిమ్ము లోపలి అంచుకు పట్టాల. రిమ్ము తడిసిందంటే పట్టవు. మా మామా నేనూ రాయచోటి నుంచి కడపకు వస్తా గువ్వలచెరువు ఘాటు దిగేటప్పుడు ముసురు పట్టుకుంది. ఇద్దరం చెప్పులు రోడ్డుకు రాసుకుంటా దిగినాం. మలుపులో ఎదురుగా లారీ.

ఆ దినం నుంచి నా ఆశంతా గేరు సైకిల్ మీదనే. మా కాలేజీలో ఒకడికి లావు టైర్ల ఎం.టి.బి. (కొండదారి సైకిల్) ఉండేది, హ్యాండిలు నిటారుగా, గేరు మీట బొటనవేలి కింద. వాడు క్లాసులో ఉన్నప్పుడు స్టాండు దగ్గరికి పోయి ఆ మీట ముట్టుకుని వచ్చేవాణ్ని. ఉద్యోగం వచ్చినాక కొన్నా. 21 గేర్లు, డిస్కు బ్రేకులు. కొన్న రాత్రి దాన్ని ఇంట్లోకి తెచ్చి మంచం పక్కన పెట్టుకున్నా. ఇప్పటికీ పొద్దున్నే పాలకొండల వైపు తొక్కుతా. లైటు కూడా ఛార్జింగ్‌ది. అరచేతిలో ఇమిడిపోతాది, డైనమో కంటే ఎన్నో రెట్లు వెలుగు, నిలబడినా ఆరిపోదు. కాబట్టి శింగనమల అన్నా, నీకు రాత్రిపూట తొక్కే పని ఉంటే అది కొను. డైనమో గోడకు తగిలించుకో.

ఉగ్గాని_బజ్జి
గోడకు తగిలిస్తే టైరు యాడుంటాది తిరిగేదానికి.

హంద్రీ
పెన్నాగట్టు, స్టీలు రిమ్ము తడిస్తే పట్టదనేది ఒప్పుకుంటా. వానాకాలంలో మా షాపుకు మోకాళ్లు చీరుకుపోయినోళ్లు వస్తానే ఉండేవాళ్లు. అయితే నీ డిస్కు బ్రేకు ప్యాడు అరిగితే ఏం చేస్తాండావు? నీ మోడల్‌ది కడపలో దొరక్కపోతే ఆర్డరు పెట్టి కాచుకోవాల. రాడ్ బ్రేకు కట్ట ఏ పల్లెకు పోయినా పంచరు షాపులో ఉండేది, ఎవరి సైకిల్‌ది ఎవరికైనా సరిపోయేది. కోటాపిన్ను, బాల్‌రేసు, ఫ్రీవీల్, అన్నీ అంతే. ఆ సైకిల్ నలభై ఏండ్లు నిలబడింది అందుకే.

పెన్నాగట్టు
అది నిజం. ప్యాడ్లు రెండు జతలు ముందే తెప్పించి పెట్టుకుంటా. నీ మాట కాదనను, నా బ్రేకును కూడా వదలను.

కువైట్_పెట్టె
మాది రాజంపేట పక్కన పల్లె. మా వైపు ఆశలన్నీ కువైట్ పెట్టెలో దిగేవి. చిన్నాయన వచ్చినాడంటే, తాళ్లతో బిగించి కట్టిన పెట్టె మీద ఆయన పేరూ ఊరి పేరూ పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో రాసి ఉండేవి. అది విప్పేటప్పుడు వీధంతా మా వాకిట్లోనే. ఒకసారి బైనాక్యులర్ వచ్చింది. నల్ల తోలు పెట్టె, లోపల ఎర్ర మఖమలు, మెడకు వేసుకునే పట్టీ. పిల్లోళ్లకు తలా ఒక నిమిషం. నేను మిద్దెక్కి చూస్తే చెరువు కట్ట మీద గొర్లమంద పోతాంది. ఒక గొర్రె చెవికున్న గాటు కూడా కనిపించింది. మళ్లీ నా వంతు వచ్చేలోపలే, మామకు ఇయ్యాలని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసినారు.

పెద్దయినాక నా దుడ్లతో కొన్నా. శింగనమల అన్నా, నీ రెండో ప్రశ్నకు జవాబు: కొన్నాక ఇంకా బాగుంది. ఆశ తీరినాక సప్పగైపోతాదని అంటారు చూడు, ఆ మాట నేను నమ్మను. ఇప్పుడు మా వీధి పిల్లోళ్లు ఎవరడిగినా ఇస్తా, నిమిషాల లెక్క లేదు.

పెన్నాగట్టు
ఏ నంబరుది కొన్నావు? నేను చూస్తే 8×42, 10×50, 20×50 అని ఏవేవో ఉన్నాయి.

లంకమల
అడవికైతే 8×42 తీసుకో. మొదటి నంబరు ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తాదో, రెండోది ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి అందే వెలుగు చుక్క వెడల్పు వస్తాది. 42ను 8తో భాగిస్తే ఐదుకు పైన. మసక వెలుతురులో మనిషి కంటిపాప తెరుచుకునేది కూడా ఇంచుమించు అంతే. 20×50 అయితే రెండున్నరే, తెల్లవారుజామున ఏమీ కనపడదు. పైగా చెయ్యి కొంచెం వణికినా బొమ్మ ఇరవై రెట్లు వణుకుతాది, స్టాండు లేకపోతే కష్టం.

మన వైపు బైనాక్యులర్ ఉన్నోడికి చూసేదానికి కరువు లేదు. కలివికోడి అనే పిట్ట సంగతి తెలుసు గదా. 1900లో అనంతపురం దగ్గర కనిపించినాక మళ్లీ ఎవరికీ కనిపించలేదు, లేకుండా పోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర చిట్టడవిలో దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ దాని బొమ్మలు ఊర్లలో చూపిస్తా వెతికినాడు. చివరికి దాన్ని పట్టింది మాత్రం మన ఊరి మనిషే, రాత్రిపూట, టార్చి వెలుగులో. అది రాత్రి తిరిగే పిట్ట, పగలు ఎంత ఖరీదైన బైనాక్యులర్ పెట్టి చూసినా కంపచెట్ల కింద నేల రంగులో కలిసిపోతాది. 1988లో లంకమలను అభయారణ్యం చేసింది దాని కోసమే. చిన్నప్పుడు నా చేతిలో మంచి టార్చి ఉండి ఉంటే ఎన్ని రాత్రులు ఆ దిక్కు పోయేవాణ్నో.

ఉగ్గాని_బజ్జి
డైనమో అడిగితే కలివికోడి దాకా పోయినారు. కానియ్యండి, బాగుంది.

మెట్ట_రైతు
టార్చి మాట వచ్చింది కాబట్టి నేను కూడా రాస్తాండా. మాకు టార్చి షోకు వస్తువు కాదప్పా. మోటార్లకు కరెంటు రాత్రిపూట ఇచ్చేవాళ్లు. పదకొండుకో, రెండుకో లేచి బుడ్డల (వేరుశనగ) చేనికి నీళ్లు మళ్లించేదానికి పోవాల. గట్ల మీద రక్తపింజర్లు. మా నాయన దగ్గర ఉన్నది రెండు బ్యాటరీల ఎవరెడీ టార్చి. అడుగు తీసి అడుగు వేసేంత వెలుగు, అంతే. పక్క చేని పెద్దాయన దగ్గర ఐదు బ్యాటరీలది ఉండేది, మోచెయ్యంత పొడుగు, ఇత్తడి ఒళ్లు. ఆయన బటన్ వత్తితే వెలుగు మా చేను దాటి గుట్ట వాలుకు పోయి తగిలేది. ఆయన టార్చి వేసినప్పుడు నేను మడవ దగ్గర పని ఆపి ఆ వెలుగునే చూస్తాంటి.

బ్యాటరీలు సన్నగిల్లితే పొద్దున్నే బండ మీద ఎండలో పరిచేవాళ్లం. వేడికి లోపలి మందు కొంచెం కదిలి మళ్లీ ఒకటి రెండు రాత్రులు వెలిగేవి. మా అంగట్లో నెల్లూరు నిప్పో బ్యాటరీలే దొరికేవి. ఒక్కొక్కటి కొనుక్కునేవాళ్లం, రెండూ ఒకేసారి కొనే మనుషులు తక్కువ. కొత్తది ముందర, పాతది వెనక.

ఇప్పుడు తలకు కట్టుకునే ఛార్జింగ్ లైటు వాడతా. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, పార పట్టుకోవచ్చు. దానికంటే మంచిది లేదు. అయినా ఆ ఐదు బ్యాటరీల ఇత్తడి టార్చి ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండి, కొంటా.

బిలం_వాకిలి
రైతన్నా, తలకు కట్టే లైటు మా కొలిమిగుండ్ల వైపు ఎప్పుడో వచ్చింది. 1982 నుంచి 84 దాకా డేనియల్ గెబౌర్ అనే జర్మనీ ఆయన జట్టుతో వచ్చి బిలం గుహలను కొలిచినాడు. మా పెదనాయనకు అప్పుడు పెండ్లి కూడా కాలేదు. వాళ్లు దీపాలు కట్టిన టోపీలు పెట్టుకుని, భుజాన తాళ్ల చుట్టలు వేసుకుని గుంతలోకి దిగేది చూసి వచ్చినాడు. ఆ టోపీ ఎట్లుంటాదో, పట్టీ గడ్డం కింద ఎట్ల బిగిస్తారో మాకు వందసార్లు చెప్పింటాడు. మనూరి పిల్లోళ్లు అదే గుహలోకి చేతిలో కొరివి పట్టుకుని పోతాంటిరి.

గుహ మొత్తం 3,229 మీటర్లు అని తేలింది. 2002లో టూరిస్టులకు తెరిచినారు, ఒకటిన్నర కిలోమీటరు లోపలికి పోవచ్చు, దారి పొడుగునా కరెంటు లైట్లు. పెదనాయనను పిలుచుకుపోతే "ఇంత వెలుగులో ఏముంది రా చూసేది" అన్నాడు. బయటికి వచ్చినాక నంద్యాలలో ఆయనకు ఒక హెడ్ లైటు కొనిచ్చినా. దాన్ని పెట్టుకుని దొడ్లో ఎనుములకు మేత వేసేవాడు.

గుత్తికోట
నా ఆశ నీళ్ల బుడ్డి. ఎన్.సి.సి. క్యాంపులో ఇచ్చేవాళ్లు. ఖాకీ ఉన్ని తొడుగు, నడుముకు తగిలించే పట్టీ, మూత పోకుండా చిన్న గొలుసు. దాంతోపాటు హావర్‌సాక్, వెబ్ బెల్టు. అవి వేసుకుని గుత్తి కోట ఎక్కుతాంటే ఊరంతా మమ్మల్నే చూస్తాందనిపించేది.

నీళ్లు చల్లగా ఉండాలంటే తొడుగును తడపాల. తడి ఆరేటప్పుడు లోపలి నీళ్ల వేడిని లాక్కుపోతాది. గాలిలో తేమ ఎక్కువుండే కోస్తాలో ఇది అంతగా పని చేయదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే మన అనంతపురంలో మాత్రం గంటలోపలే నీళ్లు చల్లబడేవి. లారీల ముందర క్యాన్వాస్ నీళ్ల సంచులు వేలాడదీసేవాళ్లు, గుర్తుందా? అదీ ఇట్లాంటిదే, గుడ్డలో నుంచి చెమ్మ బయటికి వస్తా ఉంటాది, గాలి తగిలి చల్లబడతాది.

క్యాంపు ఆఖరి సాయంత్రం అన్నీ లెక్కబెట్టి వాపసు తీసుకునేవాళ్లు. బుడ్డి బల్ల మీద పెట్టి వరసలో నుంచి పక్కకు వచ్చేటప్పుడు నాకు గొంతు పట్టేసేది. ఇప్పుడు స్టీలు బుడ్డి ఉంది, రెండు గోడలది, పొద్దున పోసిన ఐసు సాయంత్రానికి కూడా కరగదు. మంచి వస్తువే. ఆ ఉన్ని తొడుగు వాసన మాత్రం దీనికి లేదు.

నీలి_రిబ్బన్
ఇంతసేపు చదివినా, ఒక్క ఆడమనిషి ఆశ కూడా ఇందులో లేదు. నేను రాస్తా.

మాది జమ్మలమడుగు. ఇంట్లో సైకిల్ అంటే అన్నది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక దాన్ని దొంగగా బయటికి తీసి, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి నేర్చుకున్నా. లంగా గొలుసులో పడి చిరిగితే అమ్మ కుట్టి పెట్టింది, నాయనకు చెప్పలేదు. నాకు కావాల్సింది బి.ఎస్.ఎ. లేడీబర్డ్. కడ్డీ లేని ఫ్రేము, ముందర బుట్ట, వెనక చక్రానికి బట్టలు పడకుండా జాలీ. పేపర్లో ప్రకటన వస్తే కత్తిరించి లెక్కల పుస్తకంలో పెట్టుకున్నా. "పది పాసైతే చూద్దాం" అన్నారు. పాసయినా. అన్న పాత సైకిల్‌కి కొత్త టైర్లు పడినాయి, నాకు పెండ్లి సంబంధాలు మొదలైనాయి.

మా పాప తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు గవర్నమెంటు బడిలో 'బడికొస్తా' పథకం కింద ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చినారు. వరసగా ఆడపిల్లలందరూ సైకిళ్లు నడిపించుకుంటా గేటు బయటికి వచ్చేది చూసి రోడ్డు మీదనే ఏడ్చినా. దానికి మాత్రం అది మామూలు వస్తువు, మూలకు ఆనించి లోపలికి పోయింది. అట్ల మామూలు కావడమే నాకు సంతోషం. ఆ తర్వాతే నేను కూడా ఒకటి కొనుక్కున్నా, బుట్టతో సహా. ఆదివారం పొద్దున గండికోట దారిలో కనిపిస్తా, అప్పుడప్పుడు మైలవరం డ్యాం దాకా.

శింగనమల అన్నా, మీ నాయన తొక్కినన్నాళ్లు ఆయన ఇష్టం నడిచింది. ఇప్పుడు తొక్కేది నువ్వు. పెట్టించు.

ఉగ్గాని_బజ్జి
అక్కా, ఆ ప్రకటన ముక్క ఇంకా ఉందా?

నీలి_రిబ్బన్
ఉంది. లెక్కల పుస్తకం పోయింది, అది ఉంది.

తాడిపత్రి_బండ
నేను ఒప్పుకోను. ఆ సైకిల్‌కి ఏదీ తగిలించొద్దు, ఏదీ పీకొద్దు. మా జేజినాయనది ర్యాలీ, అసన్‌సోల్‌లో సెన్-ర్యాలీ కంపెనీ చేసింది. ముందర కొంగ తల ఇత్తడి బిళ్ల, మడ్‌గార్డుల మీద బంగారు గీతలు. శుభ్రం చేసి పెట్టమని ఒక షాపులో ఇస్తే అడగకుండానే మొత్తం నల్ల రంగు కొట్టి పంపించినారు. గీతలు పోయినాయి. ఆ బిళ్ల కూడా రంగు కిందనే. గీకి తీసినా మునుపటిది రాలేదు. ఆ కంపెనీ మూతబడి ఎన్నో ఏండ్లైంది, ఆ గీతలు వేసే చెయ్యి ఇంక రాదు. అట్లాస్ కూడా అంతే, 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడే, సాహిబాబాద్ ఫ్యాక్టరీ ఆపేసినారు. ఒక్కొక్కటే పోతాన్నాయి. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచు. హంద్రీ అన్న చెప్పిన మొన స్క్రూ బిగిస్తే నీ నాయన రంగులో గాటు పడతాది.

ఉగ్గాని_బజ్జి
తొక్కే సైకిల్‌కి గాటు పడకుండా ఎట్లుంటాది బండన్నా. మ్యూజియంలో పెట్టమంటావా?

తాడిపత్రి_బండ
మ్యూజియం అనలేదు. తొక్కమనే చెప్తాండా. వాళ్ల నాయన చేతి గాట్లు దాని మీద ఉన్నాయి. వాటి మీద మనం కొత్తవి పెట్టొద్దంటాండా.

సుంకేసుల
మా ఊరి ఆర్.ఎం.పి. డాక్టరుకు కూడా ర్యాలీనే ఉండేది, స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బుతో. ఆయన సందులోకి రాకముందే టిక్కు టిక్కుమని సద్దు వచ్చేది. జ్వరమొచ్చినోళ్లు ఆ సద్దుకే లేచి కూర్చునేవాళ్లు. గేర్లన్నీ చక్రం నడిమి హబ్బు లోపలే, బయట ఏమీ కనిపించదు, దుమ్ము పోదు. నడిమి గేరు నేరుగా, కింది గేరు దానికి ముప్పావు వంతు, పై గేరు మూడింట ఒక వంతు ఎక్కువ. స్టర్మీ-ఆర్చర్ కంపెనీ వాళ్లు ఇంగ్లాండు నాటింగ్‌హామ్‌లో 1902 నుంచి చేసినారు, 2000లో ఆ కంపెనీని తైవాన్ కంపెనీ కొనుక్కుంది. పెన్నాగట్టు అన్నా, నీ 21 గేర్లకు ముందు మా ఊరికి మూడు గేర్లు వచ్చినాయి మరి!

పెన్నాగట్టు
దుమ్ము పోని గేరు మన సీమకు సరిగ్గా సరిపోయేది. నాది వారానికొకసారి బ్రష్షు పెట్టి కడగాల. ఆ హబ్బు విప్పి చూడాలనుంది నాకు.

హంద్రీ
విప్పితే మాత్రం లోపలి చిన్న స్ప్రింగులు ఎగిరి పోకుండా గుడ్డ పరిచి విప్పు. కేబులు వదులైతే నడిమి గేరుకూ పై గేరుకూ మధ్య పెడలు ఉత్తగా తిరిగిపోతాది. చానా మంది హబ్బు పోయిందనుకుంటారు. కేబులు బిగిస్తే చాలు.

శింగనమల నాయన మాట గురించి ఒకటి చెప్పాల. "తొక్కేది బరువైతాది" అన్నది సాకు అనుకోవద్దు. అట్లాంటి డైనమో 3 వాట్ల వెలుగు ఇయ్యాలంటే మన కాళ్లలో నుంచి ఎనిమిది, పది వాట్లు లాగుతాది, మిగతాది రాపిడికి పోతాది. తీరిగ్గా తొక్కే మనిషి చేసే పని అంతా కలిపి అరవై, డెబ్భై వాట్లు. బడిలో దినమంతా నిలబడి, సాయంత్రం ఎదురు గాలిలో వచ్చే మనిషికి అది బరువే.

శింగనమల_చెరువు
అన్నీ చదివినా, మళ్లీ మళ్లీ చదివినా. హంద్రీ అన్నా, చివర రాసిన ఆ లెక్క నాకు చానా పనికొచ్చింది. దుడ్లు లేక అట్ల చెప్పినాడేమో అని ఇంట్లో అన్నారు. నాయన అట్లాంటి మనిషి కాదు, లేకపోతే లేదని నేరుగా చెప్పేవాడు. బరువంటే బరువనే.

బండన్న మాట కూడా కాదనలేను. కడ్డీ మీద నాయన టార్చి ఆనించి ఆనించి రంగు పోయిన చోటు ఒకటుంది, హ్యాండిలు పక్కన, బొటనవేలంత. అది కనపడకుండా పోతే నాకు సైకిల్ ఉండీ ఒకటే, లేకా ఒకటే. గాటు పెట్టకుండా డైనమో పెట్టే దారి ఉందా?

హంద్రీ
ఉంది. ఫ్రేమును దారిగా వాడుకోవద్దు. డైనమో ఒంటి నుంచి లైటు ఒంటికి రెండో వైరు వేసుకో, వెనక లైటుకు కూడా అట్లే. అప్పుడు ఆ మొన స్క్రూ తీసేయొచ్చు. పట్టీ కింద పాత ట్యూబు ముక్క చుట్టు, రంగుకు ఇనుము తగలదు. డైనమో కదలకుండా ఉండాలంటే ట్యూబు ఒక చుట్టే చుట్టు, మందమైతే జారుతాది. ముందు లైటు హ్యాండిలు నట్టు దగ్గర బ్రాకెట్టుకే వస్తాది కాబట్టి నాయన టార్చి చోటు జోలికి పోవాల్సిన పని లేదు.

తాడిపత్రి_బండ
ఇట్లైతే నాకేమీ అభ్యంతరం లేదు. వైరు మాత్రం నల్ల గుడ్డ చుట్టినది వాడు, మెరిసే ప్లాస్టిక్‌ది వద్దు.

శింగనమల_చెరువు
సీటు సంగతేంది మరి? బ్రూక్స్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతాంది.

హంద్రీ
ఉన్న సీటు స్ప్రింగులు బాగుంటే మార్చొద్దని నా మాట. తోలు సీటు మంచిదే, 1866 నుంచి ఆ కంపెనీ ఇంగ్లాండులో ఉంది. కానీ అది కూర్చునే మనిషికి తగ్గట్టు దిగేదానికి నెలలు పడతాది, మన ఎండలో బయట నిలబెడితే తోలు బీటలు వారతాది. కొంటే కింద నుంచి మైనం కలిసిన తోలు నూనె పట్టించాల, ముందర నట్టు ఊరికే బిగించొద్దు, తోలు సాగినప్పుడు కొంచెం. రోజూ తొక్కుతావనుకుంటేనే కొను.

గుత్తికోట
సీటు దుడ్లు మిగిలితే ఉన్ని తొడుగు బుడ్డి ఒకటి చూడన్నా బళ్లారిలో. నాకు.

నీలి_రిబ్బన్
హంద్రీ అన్నా, నా సైకిల్‌కి కూడా డైనమో పెట్టొచ్చా? 26 అంగుళాల చక్రం. టైరు పక్కన నున్నగా ఉంది, గీతలేమీ లేవు.

హంద్రీ
పెట్టొచ్చక్కా, డైనమోకు చక్రం సైజుతో పని లేదు. టైరు గోడ మీద సన్న గీతల పట్టీ ఉంటే పట్టు బాగుంటాది, నున్నగా ఉంటే వానలో జారుతాది. డైనమో నెత్తికి తొడిగే రబ్బరు టోపీ ఒకటి దొరుకుతాది, అది వేస్తే సద్దు కూడా తగ్గుతాది. వెనక బట్టల జాలీ ఉంది గదా, దానికి తగలకుండా ముందు చక్రానికే పెట్టించు.

శింగనమల_చెరువు
ఆదివారం బళ్లారి పోతాండా. గుత్తి అన్నా, బుడ్డి చూస్తా. మెట్ట రైతన్నా, అదే అంగట్లో పొడుగు టార్చి ఉంటే తెమ్మంటావా? ఎంత దాకా పెట్టొచ్చు?

మెట్ట_రైతు
తెచ్చి పెట్టన్నా. రేకుదైతే ఐదు వందలు, ఇత్తడిదైతే రెండు వేల దాకా పెట్టు. అద్దం పగిలినా పర్వాలేదు, వేయించుకుంటా. వెనక మూత తిప్పి లోపలి స్ప్రింగు చూడు. పచ్చగా చిలుము పట్టి ఉంటే చింతపండుతో తోమితే పోతాది. స్ప్రింగే విరిగి ఉంటే మాత్రం వదిలేయ్.